సగం మాస్టారి ఇంజను

మా ఎదురింటి మాస్టారిని మీరు చూసే ఉంటారు. చూడకపోయినా ఆయన కారు వెనక ఎప్పుడో ఇరుక్కుపోయి హారన్ కొట్టి కొట్టి విసిగిపోయే ఉంటారు. డ్రైవింగ్ స్కూలు మాస్టారు. తెల్ల కారు, నెత్తిన పసుపు బోర్డు, స్టీరింగు దగ్గర చెమటలు కక్కుకుంటూ ఎవరో ఒకరు, పక్క సీట్లో బ్రేకు మీద కాలేసుకుని ఈయన. నాకూ నేర్పబోయాడు పాపం. మొదటిరోజే నేను ఒక దీపస్తంభాన్ని, రెండు చెత్తకుండీల్ని, ఒక పోలీసాయన టోపీని గుద్దేసరికి దండం పెట్టేశాడు. "చెల్లెమ్మా, నీకు నోరుంది చాలు, చక్రాలెందుకు?" అన్నాడు.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆయన బండి ముప్పై దాటలేదు. నత్తలు కూడా ఆయన్ని దాటుకుని వెళ్తూ వెనక్కి తిరిగి చూసి జాలిపడేవి. బతుకంతా బ్రేకు మీద కాలు పెట్టుకుని బతికిన మనిషి! పక్కనున్న ఆ రెండో పెడలు, పరుగు పెట్టించే పెడలు, కసిగా తొక్కితే ఏమవుతుందో చూడాలని ఆయనకి లోపల్లోపల ఎంత దురద ఉండేదో నాకు తెలుసు. ఎలా తెలుసంటే మా కిటికీ సరిగ్గా వాళ్ల షట్టరు గదికి ఎదురుగా ఉంటుంది. కిటికీ ఉన్నాక చూడకపోతే కిటికీకే అవమానం కదా.

ఆయనకి 'సగం' అన్న పేరు పెట్టింది ఊరు కాదు, వాళ్లమ్మే. పెద్దమ్మకి చెవులు వినపడవు గానీ నోరు మాత్రం భేషుగ్గా పనిచేస్తుంది. "వీడు ఏడో నెల్లోనే పుట్టేశాడమ్మా. కడుపులో ఉండటం కూడా పూర్తి చెయ్యలేదు, సగంలో లేచొచ్చేశాడు" అంటుంది. వాళ్లింటికి వెళ్తే మీకే అర్థమవుతుంది. ముందు గోడ సగం నీలం, సగం పాత సున్నం. మేడమెట్లకి ఒకవైపే కడ్డీలు. హార్మోనియం నేర్చుకున్నాడు, స రి గ మ దగ్గర ఆగిపోయాడు, ప అన్న అక్షరం ఆ ఇంట్లో ఇప్పటిదాకా వినపడలేదు. ఆయన భార్య, మా వదిన, ఆ షట్టరు గదిలో కుట్టుపని చేస్తుంది. ఆవిడ ఆయనకి పూర్తిగా వ్యతిరేకం. చేతిలో ఉన్న చొక్కాకి ఆఖరి గుండీ పడేదాకా నీళ్లు కూడా తాగదు. కత్తెర తీసిందంటే గుడ్డ భయపడి దానంతటదే రెండు ముక్కలవుతుంది.

అలాంటి ఇంట్లోకి ఒకరోజు తాడుకట్టి లాక్కొచ్చారు ఒక ఎర్రకారుని. రెండే తలుపులు. నేలకి ఎంత దగ్గరగా ఉందంటే కింద చీమలు వంగి నడవాలి. ఒకప్పుడు పందేల్లో పరిగెత్తిందట. ఇంజను బిగుసుకుపోతే మాస్టారి దగ్గర బండి నేర్చుకున్న ఒకావిడ, "మా మామయ్యగారి షెడ్డులో పడుంది, తీసుకెళ్తే అదే పదివేలు" అందట. ఈయన ఎగిరి గంతేశాడు. ఆ గంతు మాత్రం పూర్తిగానే వేశాడు.

"ఎక్కడ పెడతారు దాన్ని?" అంది వదిన.

"షట్టరు గదిలో. రెండు నెలలే. నువ్వు వరండాలో కుట్టుకో."

"నా కత్తిరింపుల బల్ల?"

"దాన్ని కదిలించక్కర్లేదు. దాని మీదే ఇంజను పెడతా."

వదిన ఆయన్ని ఎంతసేపు చూసిందంటే ఆ చూపుకి నీలం రంగు కూడా కాస్త పెచ్చులూడింది. "సరే. ఒక్కమాట చెప్తున్నా వినండి. ఆ ఇనుపముక్కల్లో ఒక్కదాన్ని కూడా నేను ముట్టుకోను. నన్ను తుడవమనకండి, సర్దమనకండి" అని కుట్టుమిషను ఎత్తుకుని వరండాలోకి వెళ్లిపోయింది.

ఇంక మొదలైంది నా తంటా. ఇంజను లోపల ఏముంటుందో నాకు తెలీదు. నేను చదివింది ఐదో తరగతి, అందులోనూ సైన్సు పంతులుగారు సగం రోజులు సెలవు. కారుకి ముందు మూత, మూత కింద మంట, మంటకి భయపడి కారు పరిగెడుతుంది, అంతవరకే నా జ్ఞానం. తీరా చూస్తే అమ్మో, అందులో ఎన్ని సామాన్లమ్మా! మాస్టారన్నయ్య విప్పుతూనే ఉన్నాడు, అవి వస్తూనే ఉన్నాయి. బిస్కెట్ డబ్బాల్లో, సబ్బుపెట్టెల్లో, పెద్దమ్మ కళ్లజోడు పెట్టెలో, ఎక్కడ చూసినా ఇనుమే. రోజూ ఏదో ఒక వంక పెట్టుకుని వెళ్లి, "ఇదేంటన్నయ్యా? అదెందుకన్నయ్యా?" అని అడిగేదాన్ని. పాపం విసుక్కోకుండా చెప్పేవాడు. జీవితంలో మొదటిసారి ఒక విద్యార్థి దేన్నీ గుద్దకుండా పాఠం వింటోంది మరి.

అన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది గుడ్ల అట్ట. కోడిగుడ్లు పెట్టే అట్ట తెచ్చి, ఒక్కో గుంటలో ఒక్కో చిన్న ఇనుప బిళ్ల పెట్టాడు. గుండ్రంగా, నున్నగా, చిన్న నాణెమంత ఉంటాయి.

"ఇవెందుకన్నయ్యా?"

"ఇంజనుకి ఊపిరి కవాటాలుంటాయి చెల్లెమ్మా, వాల్వులంటారు. గాలి రావడానికి, పొగ పోవడానికి. ఒక్కో వాల్వు నెత్తిన ఒక్కో బిళ్ల. దేనిది దానికే. అందుకే వరస తప్పకుండా పెట్టా."

"చూడ్డానికి అన్నీ ఒకటేలా ఉన్నాయే?"

"కవలపిల్లలు కూడా అంతే. అమ్మకి తెలుస్తుంది" అని నవ్వాడు.

ఇక కష్టాలు. ముందు ఒక బోల్టు. ఏళ్ల తరబడి తుప్పు పట్టి కూర్చుంది. నూనె పోశాడు, వేడి చేశాడు, బతిమాలాడు, తిట్టాడు. ఆఖరికి కాస్త గట్టిగా తిప్పేసరికి టప్పుమని తల ఊడి చేతిలోకొచ్చింది, మొండెం లోపల ఉండిపోయింది. దాన్ని తియ్యడానికి డ్రిల్లు పెడితే డ్రిల్లు ముక్క కూడా విరిగి అందులోనే ఇరుక్కుంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. కుర్చీలో కూలబడి ఆ రంధ్రాన్నే ఎంతసేపు చూశాడో! చివరికి లేతు మిషను పనాయన దగ్గరికి మోసుకెళ్తే ఆయన పీకి ఇచ్చాడు. వరండాలోంచి వదిన, "నాకు సూది విరిగితే ఇంకో సూది వేస్తా. గుడ్డని ఆస్పత్రిలో చేర్పించను" అంది.

తర్వాత పిస్టన్ల రింగులు. గాజుల్లా సన్నగా ఉంటాయి. గాజుల్లాగే విరుగుతాయి కూడా. తొడుగుతుంటే ఒకటి పుటుక్కుమంది. పాతకాలం బండి, ఇక్కడ దొరకవు. వేరే ఊరు నుంచి తెప్పించాలి. తెప్పిస్తే వచ్చినవి ఇంకో బండివి. మళ్లీ పంపి, మళ్లీ ఎదురుచూపు. ఈలోగా ఎర్రకారు మీద ఎంత దుమ్ము పేరుకుందంటే పెద్దమ్మ వచ్చి వేలితో 'సగం' అని రాసింది.

ఆ ఎదురుచూపుల రోజుల్లోనే జరిగింది అసలు సంగతి. ఒక మధ్యాహ్నం నా జాకెట్టు వదులు చేయించుకుందామని వెళ్లాను. వరండాలో వదిన లేదు. షట్టరు గదిలో చప్పుడు. తొంగిచూస్తే ఏముంది! ముట్టుకోనన్న మహాతల్లి నేలమీద బాసింపట్టు వేసుకుని, పళ్లెంలో కిరసనాయిలు పోసి, పాత పళ్లబ్రష్షుతో ఆ బిళ్లలు తోముతోంది. అన్నీ కలిసి పళ్లెంలో ఈదుతున్నాయి. తోమి, ఉతికిన గుడ్డతో తుడిచి, గుండీలు సర్దినట్టు గుడ్ల అట్టలో ఒక్కో గుంటలో ఒక్కోటి పెడుతోంది. మెరుపుకి నా కళ్లు పోయాయనుకోండి.

నన్ను చూసి ఉలిక్కిపడింది. "మురికి చూస్తూ ఊరుకోలేకపోయానే. ఈయనకి చెప్పకు. ముట్టుకోనని అంత గట్టిగా చెప్పి ఇప్పుడు తోమానంటే నా మాటకి విలువేముంటుంది? నా మీద ఒట్టు."

నా సంగతి మీకు తెలుసు. నా నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది ఆవిడ మీద ఒట్టని ఆ ఒక్క ముక్క మింగి కూర్చున్నాను. కడుపు ఉబ్బి రెండు రోజులు అన్నం తినలేదు.

అన్నయ్య వచ్చి చూశాడు. బిళ్లలు తళతళలాడుతున్నాయి. బుర్ర గోక్కున్నాడు. "ఇవి నేనెప్పుడు తుడిచాను? తుడిచే ఉంటాను" అనుకున్నాడు. చేసిన పనుల్లో ఏ సగం చేశాడో ఏ సగం చెయ్యలేదో ఆయనకే గుర్తుండదు కదా!

రింగులొచ్చాయి. ఇంజను కూర్చాడు. దూలానికి గొలుసు కట్టి, లేతు పనాయన సాయంతో కారులోకి దించాడు. తాళం తిప్పాడు. ఢాం! వైర్లు తారుమారయ్యాయట. ఆ శబ్దానికి వీధిలో పావురాలన్నీ పక్క ఊరికి కాపురం మార్చేశాయి. మా ఇంట్లో గోడ మీద బల్లి మూర్ఛపోయింది. పెద్దమ్మ మాత్రం, "ఎవరో తలుపు తట్టినట్టున్నారు, చూడండి" అంది.

వైర్లు సరిచేశాక ఇంజను లేచింది. మేం చప్పట్లు కొట్టాం. కొట్టిన చేతులు కొట్టినట్టే ఆగిపోయాయి. లేచిందే గానీ మనిషి లేచినట్టు లేదు, ముసలి గాడిద లేచినట్టుంది. ఒళ్లంతా వణుకు. టకటక టకటక. నాలుగు గదుల ఇంజనులో, సిలిండర్లంటాడు అన్నయ్య, రెండు గదులు పని చేస్తున్నాయి, రెండు పడుకున్నాయి. క్లచ్చు వదలగానే చచ్చిపోతోంది.

"అంటే సగమే పని చేస్తోందన్నమాట" అంది వదిన. అన్నయ్య మొహం చూసి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అక్కణ్నుంచి మొదలైంది వెతుకులాట. ప్లగ్గులు మార్చాడు. పెట్రోలు వచ్చే దారంతా విప్పి ఊదాడు. పైభాగం మళ్లీ విప్పి, మధ్యలో పరిచే రేకు మార్చి, మళ్లీ బిగించాడు. ప్రతిసారీ అదే టకటక. లోపల దెయ్యం ఉందని పెద్దమ్మ తేల్చేసింది. నాకూ నిద్ర పట్టేది కాదు. నా ఇంజను కాదు, నా కారు కాదు, అయినా ఎందుకు లేవదు అన్న ఆరా బుర్రని తొలిచేస్తుంటే వంటింట్లో ఉప్పు బదులు సబ్బుపొడి వేశాను ఒకసారి. మా ఆయన తిని, బాగుందన్నాడు కూడా.

ఈలోగా వదినకి బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని వచ్చింది. బడి మొత్తానికి! ఆవిడ ఎన్నాళ్లుగానో ఆశపడ్డ పని. వరండాలో గుడ్డ పరిస్తే గాలికి ఎగిరిపోతుంది. బల్ల కావాలి, గది కావాలి. పాత సామాన్లాయనకి కబురుపెట్టి వచ్చి అన్నయ్య ముందు నిలబడింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"సోమవారం పొద్దున పాత సామాన్లాయన బండి తెస్తాడు. ఈ కారు ఈ గదిలోంచి దాని కాళ్ల మీద అది బయటికి నడిస్తే, మనింటి ముందే ఉంటుంది, మీ ఇష్టం. ఎవరైనా తొయ్యాల్సి వస్తే మాత్రం ఆయన తీసుకెళ్లిపోతాడు."

"ఇంకొక్క నెల..."

"గోడ రంగు సగంలో ఆపారు, ఊరుకున్నా. మెట్లు ఆపారు, ఊరుకున్నా. నా చోటు సగంలో ఇరుక్కుంటే ఊరుకోనండీ."

 ఆదివారం పొద్దున నేను వెళ్లేసరికి ఇంజను నడుస్తోంది, అన్నయ్య ఒక రబ్బరు గొట్టం ఒక చివర చెవిలో పెట్టుకుని రెండో చివర ఇంజను మీద ఆనించి, డాక్టరు రోగిని చూసినట్టు వింటున్నాడు. నన్ను చూడగానే మొహం వెలిగింది.

"చెల్లెమ్మా, నువ్వు రా! నీకు గోడ అవతల గుసగుసలాడినా వినపడుతుంది కదా. ఈ టకటక ఎక్కడినుంచి వస్తోందో చెప్పు."

నా చెవుల్ని అంత మర్యాదగా ఎవరూ పిలవలేదు. గొట్టం చెవిలో పెట్టుకున్నాను. కింద గురగుర. పక్కన సరసర. పైకి జరిపితే, అదిగో, పళ్లు కొరుకుతున్నట్టు టకటక!

"పైన అన్నయ్యా. ఈ మూత కిందే. వెనకవైపు."

ఇంజను ఆపి మూత విప్పాడు. బుర్ర అడ్డంగా ఊపాడు. "ఇక్కడ ఉండేవి ఆ బిళ్లలే. వాటిని అనుమానించక్కర్లేదు. ఎలా తీశానో అలాగే గుడ్ల అట్టలో పెట్టా, అట్టలోంచి అలాగే వేశా. ఎవరూ కదపలేదు."

"అవునవును, ఎంత మెరుస్తున్నాయో! వదిన పళ్లబ్రష్షుతో తోమి..."

చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏం లాభం? పెదవి దాటితే పృథివి దాటుతుంది.  గుమ్మంలో వదిన, చేతిలో టీ గ్లాసు.

"తోమావా?" అన్నాడు అన్నయ్య, చాలా మెల్లిగా.

"తోమితే? మళ్లీ గుంటల్లోనే పెట్టాగా! అన్నీ ఒకటేగా!"

"ఒకటి కాదే! వెంట్రుకవాసి తేడా ఉంటుంది. మందంది పడితే వాల్వు మూసుకోదు, ఊపిరి కారిపోతుంది. పల్చంది పడితే టకటక కొడుతుంది. ఇన్నాళ్లూ..."  పాపం, ఏడుస్తాడనుకున్నాను.

వదిన మొహం పాలిపోయింది. అయినా నిలబడి ఒక ప్రశ్న వేసింది చూడండి! "అంత తేడా ఉంటే, బిగించాక సందు ఎంతుందో కొలవరా? నేను ఇంటిమనిషి చొక్కాకైనా కొలత తీసుకోకుండా కత్తెర పెట్టను."

"కొలిచాను."

"అన్నీ?"

అన్నయ్య నేల చూశాడు. "ముందువైపువి కొలిచాను. సరిగ్గా ఉన్నాయి. మిగతావీ అంతేలే అని..."

"సగం కొలిచారు!"

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. నేను తలుపు వైపు జరిగాను, గ్లాసు ఎగిరితే తప్పుకోవడానికి వీలుగా. ముందు నవ్వింది వదినే. తర్వాత ఆయన. తర్వాత ఏం జరిగిందో తెలియకుండానే పెద్దమ్మ, అందరికంటే గట్టిగా.

"ఎలా కొలుస్తారు, ఇటివ్వండి" అంది వదిన, టీ గ్లాసు నా చేతిలో పెట్టి.

ఉల్లిపొరంత పల్చటి ఇనుప రేకులు ఉంటాయి, ఒక్కోటి ఒక్కో మందం. సందులో దూర్చి లాగితే మరీ వదులుగా రాకూడదు, మరీ పట్టెయ్యకూడదు. అన్నయ్య లాగితే ఒకసారి వదులు, ఒకసారి బిగువు. వదిన రేకుని రెండు వేళ్లతో పట్టుకుని కళ్లు మూసుకుంది, పట్టు గుడ్డ నాణ్యం చూసినట్టు. "ఇది బిగువు. ఇంకో నూలుపోగంత కావాలి. ఇది సరి. ఇది మరీ వదులు, ఇందులోంచి నేనే దూరిపోతా." కుట్టు సుద్దతో ప్రతి వాల్వు పక్కనా గుర్తు పెట్టింది. అన్నయ్య పైన తిరిగే కడ్డీలు విప్పి బిళ్లలు తీసి, లేతు పనాయన దగ్గర తెచ్చిన పనిముట్టుతో మందం చూసి చెప్పడం, ఆవిడ ఏది దేని మీద పెట్టాలో చెప్పడం. బిగించడం, కొలవడం, మళ్లీ విప్పడం. ఒక్కటి కూడా వదలనివ్వలేదు ఆవిడ. ఆయన, "ఇక చాలేమో" అన్నప్పుడల్లా కత్తెర చూపించింది.

సోమవారం. పాత సామాన్లాయన బండి షట్టరు పక్కన నిలబెట్టి, తాడు భుజాన వేసుకుని, కారుని పెళ్లిచూపులకొచ్చినవాడిలా చూస్తున్నాడు. వీధంతా కిటికీల్లోనే ఉంది. అన్నయ్య సీట్లో కూర్చున్నాడు. నేను నాకిష్టమైన చెవి ముందుకు పెట్టాను.

తాళం తిప్పాడు. టకటక లేదు. వణుకు లేదు. గొంతు సవరించుకుని పెద్దపులి ఆవలించినట్టు ఒక్క గర్జన, ఆ తర్వాత మెత్తగా, బలంగా, ఒకే శ్రుతిలో హుమ్... నా కాళ్ల కింద నేల గుండెలా కొట్టుకుంది. పెద్దమ్మ అరచెయ్యి కారు మీద వేసి, "ఒరేయ్, నాకు వినపడుతోందిరా!" అంది.

వెనక గేరు వేశాడు. ఎర్రకారు వెనక్కి కదిలింది. తోక షట్టరు దాటింది. తలుపులు దాటుతున్నాయి.  అంతే. హుమ్... హు... హు... ఆగిపోయింది. సగం గదిలో, సగం వీధిలో.

"ఏమైంది?" అరిచాను నేను.

అన్నయ్య పెట్రోలు ముల్లు చూశాడు. కళ్లు మూసుకున్నాడు. "పెట్రోలు. సగం సీసాయే పోశాను."

ఎవరూ నవ్వలేదు. పాత సామాన్లాయన తాడు దించి గొంతు సవరించుకున్నాడు. "తోసేద్దామా అమ్మగారూ?"

అందరం వదిన వైపు చూశాం. మాటంటే మాటే ఆవిడకి. తొయ్యాల్సి వస్తే పోవాల్సిందే. ఆవిడ సుద్ద అంటిన చెయ్యి కొంగుకి తుడుచుకుంది. లోపలికి వెళ్లింది. ఖాళీ సీసా ఒకటి తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టింది.

"బంకు దాకా నడిచి రండి. నిండా పోయించండి, మూత దాకా. అప్పటిదాకా దీన్ని ఎవరూ ముట్టుకోరు." పాత సామాన్లాయనకి కుర్చీ వేయించింది. యూనిఫారాల గుడ్డ తెచ్చి, ఖాళీ అయిన బల్ల మీద పరిచి, కత్తిరించడం మొదలుపెట్టింది. పక్కన కారు ముందుసగం ఇంకా గదిలోనే ఉంది. దాన్ని తప్పుకుంటూ ఒక్క విసుగు మాట అనలేదు.

అన్నయ్య సీసాని పసిబిడ్డలా రెండు చేతుల్తో పట్టుకుని వచ్చాడు. పోశాడు. కారు లేచింది. గడప దాటింది. వీధిలోకి వచ్చి నిలబడింది. పాత సామాన్లాయన పెద్దమ్మ పాత పెనం ఒకటి పట్టుకుని, మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

"ఎక్కు" అన్నాడు అన్నయ్య వదినతో.

"నాకు పనుంది." అని, చేతిలో ఉన్న చొక్కా ముక్క పూర్తిగా కత్తిరించి, మడతపెట్టి, అప్పుడు ఎక్కింది. వీధి మలుపు దాకా ముసలి తాబేలులా వెళ్లారు. మలుపు తిరిగాక పెద్దరోడ్డు వైపు ఒక శబ్దం వినపడింది. ఆ శబ్దం ఏంటో మీకు చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. నా దగ్గరే మాటల్లేవంటే చూసుకోండి.

తిరిగొచ్చాక పరిగెత్తాను. "ఎంతలో పోయారు? ఎంతలో అన్నయ్యా? నలభయ్యా? ఎనభయ్యా?" ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వారే గానీ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. వదిన మీద ఒట్టు కూడా పెట్టాను, అయినా చెప్పలేదు.

కానీ మర్నాడు వెళ్లేసరికి వదిన బల్ల ముందు కూర్చుని వాచిన కుడికాలికి నూనె రాసుకుంటోంది. ఏమైందంటే, "ఏమీ లేదే, పక్క సీట్లో బ్రేకు ఉందనుకుని తొక్కుతూ కూర్చున్నా" అంది. ఎంత తొక్కితే కాలు అంత వాస్తుందో, దాన్నిబట్టి బండి ఎంతలో పోయుంటుందో నేను అప్పట్నుంచీ లెక్కేస్తూనే ఉన్నాను.